బోరు దగ్గర నిలబడితే ఒక లెక్క, ఊరంతా కలిపి చూస్తే ఇంకో లెక్క

తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి వేసవిలోనూ రెండు రకాల వార్తలు పక్కపక్కనే వస్తుంటాయి. ఫలానా మండలంలో భూగర్భ జలమట్టం ఇన్ని మీటర్లు పడిపోయిందని ఒకటి. అక్కడే ఒక రైతు వరసగా నాలుగో బోరు వేయించి అప్పుల పాలయ్యాడని ఇంకొకటి. మూడు బోర్లలో దుమ్ము లేచాక నాలుగోది ఎందుకు వేయించాలని పట్నంలో కూర్చుని అడగడం తేలిక. ఆ రైతు నిలబడ్డ చోటు నుంచి చూస్తే కనిపించే దారి అదొక్కటే.

చోటు మార్చి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. "నా బోరులో ఎన్ని ఇంచుల నీళ్ళు?" అన్న ప్రశ్నకు బదులు "మా ఊరి కింద ఈ ఏడాది మొత్తం ఎన్ని నీళ్ళు?" అని అడిగితే, అప్పటిదాకా తోచని దారులు కొన్ని కనిపిస్తాయి. ఖాయమనుకున్నవి కొన్ని మూసుకుపోతాయి. ఈ రెండో లెక్కకే నీటి బడ్జెట్ అని పేరు. కేంద్రం 2019 డిసెంబరులో మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజన కూడా దీని మీదే రూపొందింది. ఆ పథకం మొదలైన ఏడు రాష్ట్రాల్లో మన రెండూ లేవు. విచిత్రమేమిటంటే, రైతులే లెక్క కట్టుకునే పద్ధతిని అంతకు చాలా ముందే పెద్దఎత్తున పరీక్షించి చూసింది ఇక్కడే.

రాయి కింద ఏముంది

రాయలసీమలో, తెలంగాణలో అధిక భాగం గ్రానైటు, నైసు రాళ్ళ నేల. కృష్ణా, గోదావరి డెల్టాల ఒండ్రు నేలలకు ఇప్పుడు చెప్పేది వర్తించదు.

రాతి నేలలో పైన కాస్త మట్టి ఉంటుంది. దాని కింద రాయి శిథిలమై ఏర్పడిన మొరం పొర, చాలాచోట్ల పది పదిహేను మీటర్ల మందం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఆ కింద పగుళ్ళున్న రాయి, దాని కింద గట్టి రాయి. నీళ్ళు నిలవ ఉండేది ముఖ్యంగా మొరంలోనే. పగుళ్ళు ఆ నీటిని బోరుదాకా చేర్చే దారులు. వాటిలో సొంతంగా నిలవ ఉండేది చాలా తక్కువ. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, ఉన్నవి కూడా పైరాళ్ళ బరువుకి మూసుకుని ఉంటాయి. భూమి కింద ఎక్కడో నది పారుతోందనీ, సరైన పాయింటు దొరికితే చాలనీ అనుకోవడం ఈ నేలకు సరిపోదు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడినంత మాత్రాన కింద పగులు ఏర్పడదు.

మొరంలో ఎన్ని నీళ్ళు పడతాయి? భూగర్భ జల శాఖలు వాడే ప్రమాణాల ప్రకారం గ్రానైటు మొరంలో బంకమట్టి పాలును బట్టి 1 నుంచి 4 శాతం. 2 శాతం అనుకుందాం. అంటే నీటితో నిండిన ఒక ఘనపు మీటరు మొరం నుంచి మోటారు లాగగలిగేది 20 లీటర్లే. మిగతాదంతా రాయే, లేదా రాయిని అంటిపెట్టుకుని వదలని తేమ.

ఈ 2 శాతం లెక్కతో ఒక కనికట్టు జరుగుతుంది. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 10 శాతం, అంటే 60 మిల్లీమీటర్లు ఇంకిందనుకుందాం. మొరంలో నూటికి రెండు పాళ్ళే ఖాళీ కాబట్టి ఆ 60 మిల్లీమీటర్లు బావిలో 3 మీటర్లు పైకి లేస్తాయి. చూసినవాళ్ళకు "నీళ్ళు బాగా పడ్డాయి" అనిపిస్తుంది. నిజానికి వచ్చింది మూడు అంగుళాల కన్నా తక్కువ లోతు నీరు. అదే కారణంగా, కొంచెం ఎక్కువ తోడినా మట్టం అంతే వేగంగా జారిపోతుంది. నీటిమట్టం మీటర్లలో చెప్పే వార్తలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. మీటరు పెరిగినా తగ్గినా, ఈ నేలలో అది 20 మిల్లీమీటర్ల నీటి సంగతి.

బోరు దగ్గర నుంచి చూస్తే

బోరు గలవాడికి తెలిసిన కొలతలు రెండు: ఎన్ని అడుగుల లోతు, ఎన్ని ఇంచుల నీళ్ళు. రెండో కొలత కొంత మోసపూరితం. "రెండించులు" అన్నది పైపు నిండా పారితే ఒకటి, సగం పారితే ఇంకొకటి. కచ్చితంగా తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్ము, గడియారం ఉంటే చాలు. డ్రమ్ము 72 సెకన్లలో నిండితే గంటకు 10,000 లీటర్లు. మోటారు వేసిన వెంటనే కాకుండా ఒక గంట నడిచాక కొలవాలి. మొదట్లో వచ్చేది బోరు గొట్టంలో రాత్రంతా ఊరి నిలిచిన నీరు.

రోజుకు ఏడు గంటల కరెంటు అనుకుంటే ఆ బోరు 70,000 లీటర్లు పోస్తుంది. ఒక మిల్లీమీటరు లోతున ఎకరం తడవాలంటే 4,047 లీటర్లు కావాలి. అంటే 70,000 లీటర్లు ఎకరానికి 17 మిల్లీమీటర్ల చొప్పున వస్తాయి. రబీ (తెలంగాణలో యాసంగి) వరికి ఆవిరయ్యేది, కిందికి ఇంకేది కలిపి రోజుకు 8, 9 మిల్లీమీటర్లు పడుతుంది. కనుక ఆ బోరు కింద రెండెకరాల వరి. రైతు ఈ గుణకారం చేసి ఉండడు గానీ అనుభవంతో సరిగ్గా ఇదే అంకె చెబుతాడు.

ఇక్కడి నుంచి అతని ఆలోచన సూటిగానే సాగుతుంది. కరెంటు ఉచితం, కాబట్టి తోడటానికి అదనంగా ఖర్చు లేదు. వదిలేసిన నీళ్ళు తన కోసం నిలవ ఉండవు, పక్క చేనివాడి మోటారు లాగేస్తుంది. అతను 400 అడుగులకు దిగితే తను 500కు దిగాలి. ఆటో స్టార్టర్ పెట్టుకుంటే కరెంటు ఎప్పుడొచ్చినా మోటారు దానంతట అదే తిరుగుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరాల్సి వచ్చింది, రాత్రింబవళ్ళు మోటార్లు ఆగకపోతే ఏమవుతుందో తెలుసు గనుక.

లోతు బోరులో ఒక్కోసారి నీళ్ళు పడతాయి, అందుకే ఆశ చావదు. కానీ చాలా సందర్భాల్లో అవి కొత్త నీళ్ళు కావు. ఏటవాలు పగులు ఒకటి తగిలి, ఇరుగుపొరుగు బోర్లకు ఊరే నీరే ఇటు మళ్ళుతుంది. ఊరి మొత్తం మీద బోర్ల సంఖ్య ఒకటి పెరుగుతుంది, లోతు పెరుగుతుంది, నీళ్ళు మాత్రం అన్నే ఉంటాయి.

ఉమ్మడి వనరు ఇలాగే నాశనమవుతుందని, తప్పించాలంటే దాన్ని ప్రభుత్వం చేతికో సొంతదారుల చేతికో ఇవ్వాలని 1968లో అమెరికా జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ వాదించాడు. దానికి గట్టి జవాబిచ్చిన ఎలినార్ ఆస్ట్రమ్ (2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకుంది) డాక్టరేటు పరిశోధన కూడా భూగర్భ జలాల మీదే. లాస్ ఏంజెలిస్ దగ్గరి ఒక పరీవాహకంలో నీళ్ళు తోడేవాళ్ళు తామే కూడబలుక్కుని తోడకానికి హద్దులు పెట్టుకున్న తీరును ఆమె 1960లలో పరిశీలించింది. వాళ్ళకు ముందుగా కావలసి వచ్చింది ఒకటే: అందరూ ఒప్పుకునే లెక్క.

ఊరంతా కలిపి చూస్తే: ఒక బడ్జెట్ కట్టి చూద్దాం

ఊహకు ఒక ఊరు తీసుకుందాం. విస్తీర్ణం 500 హెక్టార్లు (సుమారు 1,235 ఎకరాలు), జనం 1,500, పశువులు 500, పనిచేసే బోర్లు 60. ఖరీఫ్ అంతా వానాధారం, బోర్లు రబీకే వాడతారు.

ముందు జమ. వాన 600 మిల్లీమీటర్లు, ఇంకేది 10 శాతం. 500 హెక్టార్ల మీద 60 మిల్లీమీటర్లంటే 30 కోట్ల లీటర్లు. చెరువు నుంచి ఇంకేది ఇంకో 4 కోట్లు. మొత్తం 34 కోట్ల లీటర్లు.

తర్వాత తప్పని ఖర్చులు. ఏమీ తోడకపోయినా వాగుల్లోకి ఊటగా పోయేది 10 శాతం, అంటే 3.4 కోట్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున తాగునీరు, వాడుక ఏడాదికి 3 కోట్లు. పశువుకు 50 లీటర్ల చొప్పున 90 లక్షలు. ఇవి పోగా పంటలకు మిగిలేది 26.7 కోట్ల లీటర్లు.

ఇప్పుడు పంటలు. రబీ వరికి 1,200 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు 48.6 లక్షల లీటర్లు. అందులో కొంత మళ్ళీ కిందికి ఇంకుతుంది. నీటిమట్టం 25 మీటర్ల కన్నా లోతుగా ఉంటే వరికి 20 శాతం, ఆరుతడి పంటలకు 5 శాతం తిరిగి చేరుతుందని భూగర్భ జల అంచనా ప్రమాణం. కాబట్టి ఎకరా వరికి నికరంగా 38.9 లక్షల లీటర్లు ఖర్చు. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు పెట్టుకుంటే నికరంగా 19.2 లక్షలు. రెండు మూడు తడులతో పోయే పప్పుధాన్యాలకు 250 మిల్లీమీటర్ల లెక్కన 9.6 లక్షలు.

బోరుకు రెండెకరాల చొప్పున 60 బోర్ల కింద 120 ఎకరాల వరి వేస్తే 46.7 కోట్ల లీటర్లు కావాలి. ఉన్నది 26.7 కోట్లు. లోటు 20 కోట్లు. ఆ 20 కోట్ల లీటర్లను 500 హెక్టార్ల మీద పరిస్తే 40 మిల్లీమీటర్లు. మొరంలో 2 శాతమే ఖాళీ కాబట్టి నీటిమట్టం 2 మీటర్లు దిగుతుంది. మొరం పొరలో నీళ్ళున్నది 10 మీటర్లయితే అది ఐదేళ్ళలో ఖాళీ. ఆ తర్వాత మిగిలేవి పగుళ్ళు. ఐదేళ్ళలో ఒక కరువు ఏడాది పడితే ఇంకా ముందే.

ఈ లోటును ఏ ఒక్క రైతూ తన చేలో నిలబడి చూడలేడు. అతనికి తెలిసేది ఫిబ్రవరి నెలాఖరుకు మోటారు గాలి పీలుస్తోందనీ, వెనక మడికి నీళ్ళు అందడం లేదనీ. అప్పటికి వరి పొట్ట దశలో ఉంటుంది.

అదే 26.7 కోట్లను ఇంకోలా పంచితే? బోరుకు పావెకరం చొప్పున ఇంటి బియ్యానికి 15 ఎకరాల వరి: 5.8 కోట్లు. బోరుకు ఎకరం చొప్పున 60 ఎకరాల వేరుశనగ: 11.5 కోట్లు. మిగిలిన 9.3 కోట్లకు పైచిలుకుతో 97 ఎకరాల పప్పుధాన్యాలు. మొత్తం 172 ఎకరాలు. మునుపటి 120 కన్నా యాభై ఎకరాలు ఎక్కువ, లోటు లేకుండా. వరి చేతికొచ్చినంత డబ్బు పప్పుధాన్యాలు ఇస్తాయా, మద్దతు ధరకు కొనే కేంద్రం ఊళ్ళో ఉందా, పందుల బెడద ఎంత అన్నవి వేరే ప్రశ్నలు. వాటికి బడ్జెట్ జవాబు చెప్పదు. వరి ఎందుకు వదలరంటే సగం కారణం కొనుగోలు కేంద్రమే.

ప్రభుత్వ నివేదికల్లోని వర్గీకరణ కూడా ఇదే లెక్క. తోడగలిగిన దానిలో 70 శాతం దాకా తోడితే సురక్షితం, 70 నుంచి 90 పాక్షిక సంక్లిష్టం, 90 నుంచి 100 సంక్లిష్టం, 100 దాటితే అతి వినియోగం. మన ఊహా గ్రామం మొదటి పద్ధతిలో అతి వినియోగంలోకి పోతుంది. కాకపోతే నివేదికలు మండలాల వారీగా వస్తాయి. సురక్షితమన్న మండలంలో ఎండిపోయిన ఊరు ఉండవచ్చు. యూనిట్ పెద్దదైతే లోటు సగటులో కలిసిపోతుంది.

ఎకరాలు కాకుండా తడులు లెక్కపెడితే

ఇంకొంచెం జరిగి చూద్దాం. ఇప్పటిదాకా లెక్క బోర్లున్నవాళ్ళ మధ్యే. బోరు లేని వానాధార రైతులు ఇందులో లేరు. వాళ్ళకు కావలసింది సీజను పొడుగునా నీళ్ళు కాదు. ఖరీఫ్ వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే దశలో వాన ఇరవై రోజులు మొహం చాటేస్తే, ఆ సమయానికి ఒక్క తడి.

ఒక తడికి 40 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరాకు 1.62 లక్షల లీటర్లు. రోజుకు 70,000 లీటర్లిచ్చే బోరు రెండు రోజుల మీద మరికొద్ది గంటల్లో ఒక ఎకరం తడుపుతుంది. పదిహేను రోజుల్లో ఆరున్నర ఎకరాలు. పది బోర్లను పైపులైనుతో కలిపితే 65 ఎకరాలు. రబీలో రెండెకరాల వరి పండించే బోరే ఇక్కడ ఖరీఫ్‌లో ఆరున్నర ఎకరాలను కాపాడే సాధనమవుతోంది. బోరు మారలేదు, మోటారు మారలేదు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో వాసన్ అనే స్వచ్ఛంద సంస్థ బోర్లను ఉమ్మడిగా వాడే పద్ధతిని నడిపించింది. బోర్లున్న రైతులు తమ నీటిలో వాటా ఇస్తారు. పైపులైను, తుంపర సెట్లు సామూహికంగా వస్తాయి. బోరు లేనివాళ్ళ చేలకు కీలక సమయంలో తడి అందుతుంది. ప్రతిగా కొత్త బోర్లు వేయకూడదని అందరూ ఒప్పందం రాసుకుంటారు. బోరున్నవాడికి ఇందులో లాభమేమిటన్నది మొదట వచ్చే ప్రశ్న. పక్కన కొత్త బోరు పడదన్న భరోసా ఒకటి. తన మోటారు కాలిపోయినా, బోరు కూలిపోయినా పైపులైనులో పక్కవాళ్ళ నీళ్ళు వస్తాయన్నది రెండోది. ఏళ్ళ తరబడి ఇరుగుపొరుగు మీద పోటీగా దిగిన రైతుకు మొదటిదాని విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

చెడేది ఎక్కడంటే: పైపులైను చివరి చేలకు ఒత్తిడి చాలదు. వాల్వుల తాళాలు ఎవరి దగ్గరుండాలన్న తగాదా వస్తుంది. భూమి చేతులు మారితే కొన్నవాడు పాత ఒప్పందం తనకు కట్టుబాటు కాదంటాడు.

లెక్క తెలిస్తే చాలా? రెండు మాటలు

2000ల దశకంలో నెదర్లాండ్స్ నిధులతో, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. రైతులే నిర్వహించుకునే భూగర్భ జల వ్యవస్థలు అని దాని పేరుకు అర్థం. పొడి అక్షరాల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్. ఆరు వందలకు పైగా ఆవాసాలు అందులో ఉన్నాయి. సబ్సిడీ లేదు, నిషేధం లేదు, ఎవరేం వేయాలో చెప్పేవాళ్ళు లేరు. ఇచ్చిందల్లా వానమాపకం, బావుల్లో మట్టం కొలిచే టేపు, వాటితో లెక్క కట్టే చదువు. పరిశీలన బావుల్లో పదిహేను రోజులకోసారి మట్టం కొలిచి ఊళ్ళో అందరికీ కనిపించే చోట రాసేవారు. రబీ విత్తనానికి ముందు, అక్టోబరు ప్రాంతంలో, అందరూ కూర్చుని ఎవరెవరు ఏ పంట ఎంత వేయదలచారో రాసి, కావలసిన నీటినీ ఉన్న నీటినీ పక్కపక్కన పెట్టేవారు. ఆ తర్వాత ఎవరిష్టం వారిది.

2010లో వచ్చిన ప్రపంచ బ్యాంకు నివేదిక దీన్ని బాగా మెచ్చుకుంది. చాలా ప్రాంతాల్లో వరి తగ్గింది, తోడకం తగ్గింది, బలవంతం లేకుండానే అని చెప్పింది. తమ లాభం కోసమే రైతులు మారారన్నది ఆ నివేదిక చేసిన ముఖ్యమైన వ్యాఖ్య: లోటు ముందే తెలిస్తే, మధ్యలో ఎండిపోయే పంట మీద ఎవరూ పెట్టుబడి పెట్టరు.

తర్వాత వచ్చిన పరిశీలనలు అంత ఉత్సాహం చూపలేదు. ప్రాజెక్టు ముగిశాక కొలతలు చాలాచోట్ల ఆగిపోయాయని, పంటల మార్పులో ధరల పాత్రా వానల పాత్రా ఎంతో విడదీయడం కష్టమని అన్నాయి. రెండు మాటల్లోనూ నిజముంది. లోటు చూసి వరి తగ్గించుకోవడం సొంత తెలివి, దానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు. కానీ పక్కవాడు తగ్గిస్తాడని తెలిసి తను పెంచుకోవడమూ సొంత తెలివే. లెక్క ఒక్కటే ఈ రెండోదాన్ని ఆపలేదు.

ఇదే చిక్కును ఆటగా ఆడించి చూసిన పరిశోధకులూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో కొద్దిమంది రైతులను కూర్చోబెట్టి, ప్రతి విడతకూ ఎక్కువ నీళ్ళ పంటో తక్కువ నీళ్ళ పంటో ఎంచుకోమంటారు. ఉదాహరణకు ఉమ్మడి నీరు 50 పాళ్ళు, విడతకు చేరేది 5 పాళ్ళు, ఆడేవాళ్ళు ఐదుగురు, రెండు పంటల్లో ఒకటి మూడు పాళ్ళు తాగేది, ఇంకొకటి ఒక పాలు తాగేది అనుకోండి. అందరూ మొదటిది ఎంచుకుంటే విడతకు 15 పోయి 5 వస్తుంది. నాలుగు విడతలయ్యేసరికి మిగిలేది 10 పాళ్ళు, ఐదో విడతకు అందరికీ చాలదు. అందరూ రెండోది ఎంచుకుంటే 5 పోయి 5 వస్తుంది, ఆట ఎన్నాళ్ళయినా సాగుతుంది. బోరు దగ్గర కనిపించని ఊరి లెక్క, బల్ల మీద ఇలా పావుగంటలో కళ్ళకు కడుతుంది.

డ్రిప్ నీళ్ళు ఆదా చేస్తుందా? ఎక్కడ నిలబడి అడుగుతున్నారు?

ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. డ్రిప్ పెడితే నీళ్ళు ఆదా అవుతాయని అందరూ అంటారు. ఆదా అయినట్టు మోటారు నడిచే గంటలు చూపిస్తాయి కూడా. అయినా డ్రిప్ బాగా పెరిగిన ప్రాంతాల్లో నీటిమట్టం పడిపోతూ ఉండవచ్చు. రెండూ నిజమే.

ఎకరానికి సాళ్ళలో పారించి 20 లక్షల లీటర్లు పెట్టారనుకుందాం. అందులో 5 లక్షలు తిరిగి కిందికి ఇంకాయి. 15 లక్షలు ఆవిరిగా ఆకాశానికి పోయాయి, కొంత మొక్క ద్వారా, కొంత తడి నేల నుంచి. డ్రిప్‌లో అదే పంటకు 14 లక్షలు పెట్టారు. ఇంకింది లక్ష, ఆవిరైంది 13 లక్షలు. బోరు దగ్గర ఆదా 6 లక్షలు. ఊరి ఖాతాలో ఆదా 2 లక్షలే. మిగిలిన 4 లక్షలు ఎలాగూ కిందికి తిరిగి చేరేవే.

ఇప్పుడు రైతు చేతిలో 6 లక్షల లీటర్లు మిగిలాయి. బోరు అదే, కరెంటు ఉచితం, పక్కన బీడు ఉంది. ఆ నీళ్ళతో డ్రిప్ కింద ఇంకో 43 సెంట్లు సాగు చేస్తాడు. అప్పుడు ఆవిరయ్యే మొత్తం 18.6 లక్షలు. డ్రిప్ లేనప్పుడు 15 లక్షలు. ఊరి ఖాతాలో నష్టం 3.6 లక్షల లీటర్లు, "ఆదా" పథకం వల్లే.

ఇందులో రైతు తప్పేమీ లేదు, డ్రిప్ తప్పూ లేదు. దిగుబడి పెరుగుతుంది, కలుపు తగ్గుతుంది, ఎరువు నేరుగా వేరుకు అందుతుంది. ఆదా అన్న మాట మాత్రం సాగు విస్తీర్ణానికి హద్దు ఉన్నప్పుడే ఊరి స్థాయిలో నిజమవుతుంది. మహారాష్ట్రలోని హివరే బజార్ ఈ హద్దును ఊరి కట్టుబాటుగా పెట్టుకుంది: సాగుకు బోర్లు వేయకూడదు, చెరకు వంటి నీళ్ళు ఎక్కువ తాగే పంటలు వద్దు, ఏ ఏటి పంటలు ఆ ఏటి వానను బట్టి.

ఊరు కూడా చాలకపోతే

ఊరి చుట్టూ గీసిన గీత కూడా మనం గీసుకున్నదే. ఊళ్ళో చెక్‌డ్యాములు, ఊటకుంటలు కడితే జమ పెరుగుతుంది, పైన వేసిన బడ్జెట్‌లో 4 కోట్లు 6 కోట్లవుతాయి. ఆ 2 కోట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? కొంత నిజంగా వృథాగా ఆవిరయ్యేది. కొంత దిగువ ఊరి చెరువుకు చేరేది.

మన గొలుసు చెరువుల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పై చెరువు నిండి అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్ళు. కాకతీయుల కాలం నుంచీ ఆ అమరికే. పైన పరీవాహకమంతా కుంటలతో, చెక్‌డ్యాములతో నింపేస్తే మామూలు వాన ఏడాదిలో పై చెరువు అలుగు దాకా రాదు. అక్కడి బోర్లు బాగుంటాయి, కింది ఆయకట్టు బీడవుతుంది. భారీ వాన ఏడాదిలో ఈ నష్టం కనిపించదు, అందరికీ సరిపడా పారుతుంది. అందుకే ఒకే నిర్మాణం గురించి ఇద్దరు ఇంజనీర్లు వ్యతిరేకంగా మాట్లాడితే, ముందు ఏ ఏడాది గురించి, ఏ ఊరి నుంచి మాట్లాడుతున్నారో చూడాలి.

బయటి నుంచి నీళ్ళు తెస్తే సరిపోతుంది కదా అన్నది ఇంకో వాదం. హంద్రీ-నీవా నీళ్ళతో నిండిన చెరువుల చుట్టూ బోర్లు ఊరుతున్న మాట నిజం. ఒక టీఎంసీ అంటే 2,832 కోట్ల లీటర్లు. మన ఊహా గ్రామపు 20 కోట్ల లోటు పక్కన పెడితే ఒక్క టీఎంసీ నూటనలభై ఊళ్ళ లోటు తీర్చాలి. కాగితం మీద. దారిలో ఆవిరి, కాలువ గట్ల ఇంకుడు, ఎత్తిపోతల కరెంటు ఖర్చు, కృష్ణా పంపకాల్లో వాటా ఇవన్నీ తీసేశాక ఎంతకు దిగుతుందన్నదే అసలు పేచీ. చట్టమే చేయాలన్న వాదానికి ఆధారంగా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. బోర్ల నమోదు, కొత్త బోర్లకు అనుమతి, పక్క బోరు నుంచి దూరం అన్నీ అందులో ఉన్నాయి. రిగ్గు రాత్రికి రాత్రి వచ్చి తెల్లారేసరికి వెళ్ళిపోయే చోట అది ఎంతవరకు నడుస్తుందో రైతులందరికీ తెలుసు.

బడ్జెట్ ఎక్కడ తప్పుతుంది

ఈ లెక్కలో అన్నిటికన్నా బలహీనమైన అంకె ఆ 10 శాతం. బంకమట్టి ఎక్కువున్న మొరంలో ఇంకేది 8 శాతమే అనుకుంటే జమలో వాన వాటా 30 కోట్ల నుంచి 24 కోట్లకు పడిపోతుంది. పైన వేసిన 172 ఎకరాల అమరికే అప్పుడు లోటులోకి జారుతుంది. వాన తీరు కూడా తేడా తెస్తుంది. 600 మిల్లీమీటర్లు యాభై రోజుల్లో మెల్లగా పడితే ఒక ఇంకుడు, నాలుగు కుంభవృష్టుల్లో పడితే ఇంకొకటి. అందుకే వర్షపు అంచనా ఒక్కదాని మీదే ఆధారపడకుండా పరిశీలన బావిలో వానలకు ముందూ తర్వాతా మట్టం కొలిచి సరిచూసుకోవాలి. ఆ కొలత తెల్లవారుజామున, చుట్టుపక్కల మోటార్లు ఆగి ఉన్నప్పుడు తీయాలి. నడుస్తున్న బోరులో టేపు దించితే వచ్చేది ఊరి మట్టం కాదు, ఆ బోరు చుట్టూ మోటారు చేసిన గుంట లోతు.

ఇంకో లోపం అంకెలది కాదు. అక్టోబరులో బడ్జెట్ వేసేటప్పుడు కూర్చునేది భూమీ బోరూ పేరున ఉన్నవాళ్ళు. చేను నడిపేది చాలాచోట్ల కౌలు రైతు. కౌలు ఎకరాకు ఇంత అని వరి దిగుబడి చూసి ముందే మాట్లాడుకుని ఉంటారు. వేరుశనగకో శనగకో మారితే నీళ్ళు మిగిలేది ఊరికి, కౌలు భారం అలాగే మిగిలేది అతనికి. అతను నిలబడ్డ చోటు నుంచి ఆ 172 ఎకరాల అమరిక కనిపించాలంటే ముందు కౌలు రేటు పంటను బట్టి మారాలి. పంటకు కట్టే నీటిని ఊరు నిర్ణయిస్తుందేమో గానీ, కౌలు ఎంతన్నది ఇప్పటికీ భూమి యజమాని, కౌలుదారు ఇద్దరి మధ్య నోటి మాటగానే తేలుతోంది.